పాత హారర్ గేమ్ సీడీ ఒకటే, ధరలు మూడు

అటక మీది సామాను దించుతుంటే ప్లేస్టేషన్ 2 కాలం నాటి హారర్ గేమ్ ఒకటి బయటపడుతుంది. ఫోన్లో పేరు కొట్టి చూస్తే ఎవరో 40,000 రూపాయలు అడుగుతున్నారు. ఆ ఊపులో విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో పాత గేములు కొనే కొట్టుకు పట్టుకెళ్తే, అతను అటూ ఇటూ తిప్పి చూసి "మూడొందలిస్తాను, అదీ సీడీ చదివితేనే" అంటాడు. గుంటూరు అరండల్‌పేటలో అడిగినా దాదాపు అదే మాట. ఇద్దరిలో ఎవరో ఒకరు మనల్ని వెర్రివాళ్లను చేస్తున్నారనిపిస్తుంది. చాలాసార్లు ఇద్దరూ చేయడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో ధర చెబుతున్నారు.

పాత గేముకు మూడు ధరలుంటాయి. ఆడుకునేవాడు ఇచ్చేది మొదటిది. అతనికి డిస్క్ తిరిగితే చాలు, కవర్ చిరిగినా పట్టదు. దాచుకునేవాడు, అంటే కలెక్టర్ ఇచ్చేది రెండోది. అతను బాక్స్ మూలలు కూడా తడిమి చూస్తాడు. కమిషన్లూ పార్సిల్ ఖర్చులూ పోగా అమ్మినవాడి చేతికి నికరంగా వచ్చేది మూడోది. కొట్టతను మొదటి ధరలోంచి తన లాభం తీసేసి చెప్పాడు. ఫోన్లో కనిపించింది రెండో ధర కూడా కాదు, ఎవరో ఆశపడి పెట్టుకున్న అంకె. ఎవరూ కొనకపోతే అది అలాగే ఏళ్ల తరబడి అక్కడే వేలాడుతుంటుంది.

భయం వల్ల రాదు, వయసు వల్లా రాదు

గేమ్ ఎంత భయపెడుతుందన్నదానికీ ధరకూ సంబంధం తక్కువ. వయసుకీ అంతే. లక్షల్లో అచ్చయిన గేమ్ ఇరవై ఏళ్లు గడిచినా లక్షల్లోనే ఉంటుంది. ధర పెరగాలంటే మొదట తక్కువ అచ్చవ్వాలి, తర్వాత మళ్లీ అచ్చవ్వకూడదు, ఆ తర్వాత కావాలనే వాళ్లు పెరగాలి. ఈ మూడూ ఒకే డిస్క్ మీద కలవడం హారర్‌లో కాస్త ఎక్కువ. పెద్దలకు మాత్రమే అన్న ముద్ర పడే గేమ్‌ను కంపెనీలు అనుమానంగానే కొద్దిగా అచ్చు వేస్తాయి. వివాదం వస్తే అదీ ఆపేస్తాయి.

రూల్ ఆఫ్ రోజ్ కథ ఇందుకు సరైన ఉదాహరణ. పంచ్‌లైన్ అనే చిన్న స్టూడియో చేసిన ప్లేస్టేషన్ 2 గేమ్ ఇది. 2006 జనవరిలో జపాన్‌లో సోనీయే విడుదల చేసింది. 1930 నాటి ఇంగ్లండ్, ఒక అనాథాశ్రమం, పిల్లల మధ్య క్రూరత్వం. ఈ కథావస్తువుతో అమెరికాలో విడుదల చేయడానికి సోనీ వెనకాడింది, అట్లస్ అనే ప్రచురణకర్త తీసుకుని అదే ఏడాది సెప్టెంబరులో బయటికి తెచ్చింది. యూరప్‌లో రాజకీయ నాయకులూ పత్రికలూ దుమారం రేపాయి. గేమ్‌లో లేని విషయాలు కూడా ఉన్నట్టు రాశారు. నవంబరు వచ్చేసరికి బ్రిటన్ విడుదలే రద్దయింది. అమ్ముడుపోనిది, ఆగిపోయినది, ఆ తర్వాత అందరి నోళ్లలో నానినది. ఇవాళ బాక్సూ మాన్యువలూ ఉన్న అమెరికా కాపీ వందల డాలర్లు పలకడానికి కారణం ఈ వరస.

కువాన్‌ది ఇంకో దారి. 2004లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తీసిన ఈ గేమ్ ప్రాచీన జపాన్‌లో నడిచే దెయ్యాల కథ. వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. అదే సంస్థ తర్వాత డార్క్ సోల్స్, 2022లో ఎల్డెన్ రింగ్ తీసి ఆకాశానికెక్కింది. వాళ్ల పాత పనులన్నీ సేకరించాలనుకునే కొత్త అభిమానులు వచ్చారు, డిస్కులు మాత్రం 2004లో అచ్చయినన్నే. క్యాప్‌కామ్ వారి 2005 నాటి హాంటింగ్ గ్రౌండ్ కూడా ఈ కోవలోదే.

మళ్లీ విడుదలైతే ధర పడిపోతుందని చాలామంది లెక్క. సగమే నిజం. ఆడుకునేవాడి ధర పడుతుంది, దాచుకునేవాడి ధర ఒక్కోసారి పెరుగుతుంది కూడా. 2012లో వచ్చిన సైలెంట్ హిల్ హెచ్‌డీ కలెక్షన్ సంగతి చూడండి. అసలు గేముల తుది సోర్స్ కోడ్, అంటే గేమ్‌ను రాసిన ప్రోగ్రామ్, పూర్తిగా దొరక్క, అసంపూర్ణంగా ఉన్న కోడ్ మీద పని చేయాల్సి వచ్చింది. ఆ గేముకు ప్రాణమైన పొగమంచే సరిగ్గా కుదరలేదు. దాంతో 2001 నాటి పాత డిస్క్ కోసం వెతికేవాళ్లు పెరిగారే తప్ప తగ్గలేదు. 2024 అక్టోబరులో సైలెంట్ హిల్ 2ను పూర్తిగా కొత్తగా తీసి వదిలారు. అది వేరే గేమ్, దాని దారి దానిదే.

చౌక ముద్రణల్లో చిన్న తిరకాసు ఉంది. బాగా అమ్ముడైన గేములను అమెరికాలో గ్రేటెస్ట్ హిట్స్ అని, యూరప్‌లో ప్లాటినమ్ అని వేరే రంగు పట్టీతో మళ్లీ అచ్చు వేసేవాళ్లు. కలెక్టర్లు వీటిని చిన్నచూపు చూస్తారు, ధర తక్కువ. సైలెంట్ హిల్ 2 విషయంలో మాత్రం ఆ గ్రేటెస్ట్ హిట్స్ ముద్రణలోనే, మొదటి అమెరికా ముద్రణలో లేని 'బార్న్ ఫ్రమ్ ఎ విష్' అనే అదనపు కథ ఉంది. ఆడటానికి కొనేవాడు చౌకదే కొనుక్కోవడం తెలివి.

మన దగ్గర దొరికేది ఏ దేశానిది?

మన దేశంలో అధికారికంగా అమ్మిన ప్లేస్టేషన్ 2 పాల్ రకం, అంటే యూరప్ టీవీ పద్ధతిది. పాల్ డిస్కులే అందులో నడుస్తాయి. అమెరికా, జపాన్ డిస్క్ పెడితే తీసుకోదు. ఇంటికొచ్చిన బంధువులు అమెరికా నుంచి తెచ్చిన గేమ్ 'పాడైపోయింది' అని అటకెక్కించిన ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఆ డిస్కులకు ఏమీ కాలేదు, మెషీన్ దేశం వేరు, అంతే. అటక మీద నిజంగా విలువైనదేమైనా దొరికితే సాధారణంగా ఇలాంటిదే దొరుకుతుంది.

దేశం తెలుసుకోవడం తేలిక. బాక్స్ వీపు మీదా డిస్క్ మీదా నాలుగక్షరాలూ అయిదంకెలూ ఉంటాయి. ఎస్‌ఎల్‌యూఎస్ లేదా ఎస్‌సీయూఎస్ అని ఉంటే అమెరికా, ఎస్‌ఎల్‌ఈఎస్ లేదా ఎస్‌సీఈఎస్ అయితే యూరప్ పాల్, ఎస్‌ఎల్‌పీఎమ్, ఎస్‌ఎల్‌పీఎస్, ఎస్‌సీపీఎస్ అయితే జపాన్. బాక్స్ మీది కోడూ డిస్క్ మీది కోడూ ఒకటే కావాలి. రెండు చోట్ల రెండు కోడ్‌లు ఉంటే ఎవరో పాల్ డిస్క్‌ను అమెరికా బాక్స్‌లో పెట్టారని అర్థం. ఎక్కువ విలువైన కవర్‌లో తక్కువ విలువైన డిస్క్ ఉండటం తరచూ కనిపించే మాయ.

ఒకే గేమ్ పాల్ కాపీకి అమెరికా కాపీకన్నా ధర తరచూ తక్కువ. పాల్ టీవీ సెకనుకు 50 సార్లు బొమ్మ మారుస్తుంది, అమెరికా పద్ధతి 60 సార్లు. సరిగ్గా మార్చి అమర్చని గేములు పాల్‌లో ఆరో వంతు నెమ్మదిగా నడుస్తాయి. పైగా కొనేవాళ్ల గుంపు అమెరికాలో పెద్దది.

ప్లేస్టేషన్ 3, 4లకు ఈ దేశాల గోల దాదాపు లేదు. అంటిల్ డాన్, ది ఈవిల్ విదిన్, రెసిడెంట్ ఈవిల్ 7 లాంటివి విజయవాడ గవర్నర్‌పేటలోనూ గుంటూరు బ్రాడీపేటలోనూ చేతులు మారుతూనే ఉంటాయి. వీటికి కలెక్టర్ ధర ఉంటుందని ఇప్పుడే దాచిపెట్టుకోవడం వృథా. అచ్చయిన సంఖ్య అలాంటిది. ఆడి, వెంటనే అమ్మేస్తే గిట్టుబాటు.

అసలా, నకలా

మన ఊళ్లలో ఒకప్పుడు నకలు డిస్కులూ నడిచేలా చిప్ వేయించని ప్లేస్టేషన్ 2 అరుదు. రాసిన డిస్కులు కవర్‌లో పెట్టి అమ్మేవాళ్లు. ఆ డిస్క్ ఇవాళ కలెక్టర్‌కు ఎందుకూ కొరగాదు. కింది వైపు వెలుతురులో చూడండి. ఇంట్లో రాసిన డీవీడీకి ఊదారంగు ఛాయ ఉంటుంది. అచ్చు వేసిన డీవీడీ వెండిరంగులో మెరుస్తుంది. ప్లేస్టేషన్ 2 మొదట్లో కొన్ని గేములు సీడీ మీద వచ్చాయి, వాటి అడుగు నీలంగా ఉంటుంది. అది చూసి నకిలీ అనుకోకూడదు. ప్లేస్టేషన్ 1 డిస్కుల అడుగు నలుపు.

వెండిరంగులోనే ఫ్యాక్టరీలో నొక్కిన నకిలీలు కూడా తూర్పు దేశాల నుంచి వచ్చాయి కాబట్టి రంగొక్కటే చాలదు. మధ్య రంధ్రం చుట్టూ అద్దంలా ఉండే వలయాన్ని వాలుగా వెలుతురుకు పట్టుకోండి. సన్నగా చెక్కిన ముద్రణ సంఖ్య, ఐఎఫ్‌పీఐ అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఐఎఫ్‌పీఐ ఉందంటే అసలుదే అనుకోవద్దు. ఖాళీ డీవీడీల తయారీదారులూ ఆ గుర్తు వేస్తారు. చూడాల్సింది ముద్రణ సంఖ్య. రీడంప్ అనే సైటులో గేమ్ వారీగా ఈ వలయ సంఖ్యలు నమోదై ఉంటాయి, మీ దాంతో సరిపోల్చుకోవచ్చు.

గట్టి పరీక్ష ఇంకోటుంది. చిప్ వేయని, మెమరీ కార్డులో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించని మెషీన్‌లో, మెమరీ కార్డు తీసేసి డిస్క్ పెట్టి చూడాలి. అదే దేశం మెషీన్ తీసుకుందంటే మంచి లక్షణం. అలాంటి మెషీన్ దొరకడమే కష్టం, అది వేరే సంగతి.

కవర్ కాగితం నకిలీ చేయడం ఇంకా తేలిక. ఇక్కడ విజయవాడవాళ్లకు ఓ సౌలభ్యం ఉంది. పుస్తకాల అచ్చుకు పేరుపడ్డ ఊరు కదా, ప్రెస్‌లో పనిచేసేవాళ్లు ఎవరో ఒకరు తెలిసుంటారు. వాళ్ల దగ్గరుండే పది రెట్ల భూతద్దం అడిగి తీసుకోండి. ఆఫ్‌సెట్‌లో అచ్చయిన బొమ్మలో నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా వరసగా అమరి ఉంటాయి. వెనకవైపు చిన్న నల్లక్షరాలు గట్టి నలుపుతో, అంచులు నిక్కచ్చిగా ఉంటాయి. స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో తీసిన కవర్‌లో చుక్కలు ఇసుక చల్లినట్టు ఉంటాయి, నల్లక్షరం అంచున కూడా రంగు చుక్కలు తేలతాయి. ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే మళ్లీ మర్చిపోరు.

సీలు తీయని కాపీ అంటూ వచ్చే వాటి విషయంలో మా అభిప్రాయం కటువుగానే ఉంటుంది: నేరుగా చూడకుండా కొనకండి. ష్రింక్ చుట్టే కవరూ వేడిగాలి యంత్రమూ ఏ ప్యాకింగ్ సామాన్ల కొట్లోనైనా దొరుకుతాయి. 2021 జులైలో సీలుతో ఉన్న సూపర్ మారియో 64 కాపీ ఒకటి అమెరికా వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికాక సీలు మీద పిచ్చి పెరిగింది, దాంతోపాటే దొంగ సీళ్లూ.

గీతలు, చీలికలు, బూజు

మనవాళ్లు గుండ్రంగా ఉన్న ప్రతిదాన్నీ సీడీ అంటారు గానీ, గీత పడినప్పుడు ఏది ఏమిటో తెలియాలి. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. డేటా పొర పైన, బొమ్మ అచ్చు వేసిన వైపున్న లక్క కిందే ఉంటుంది. కాబట్టి సీడీకి బొమ్మ వైపు గీత పడితే డేటాయే పోతుంది, ఎవరూ బాగు చేయలేరు. ఆ వైపు నుంచి దీపానికి పట్టి చూస్తే సూది బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే వదిలేయండి. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల మధ్య డేటా ఉంటుంది, రెండు వైపులా కొంత రక్షణ. బ్లూరేలో చదివే వైపు నుంచి డేటా 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. అందుకే ప్లేస్టేషన్ 3, 4 డిస్క్‌లను సాన పట్టించకూడదు.

మధ్య నుంచి అంచుకు పడిన గీతకన్నా గుండ్రంగా పడిన గీత ప్రమాదం. డేటా ఉండేది గుండ్రటి బాటలో. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో చిటికెడే పాడుచేస్తుంది, దాన్ని దోష సవరణ సర్దేస్తుంది. బాట వెంటే పడితే వరసగా పోయిన డేటాను అది పూడ్చలేదు. గంటకింత అని ఆడించే పార్లర్ల నుంచి వచ్చిన డిస్క్‌లకు ఈ వలయాలు ఎక్కువ. తిరుగుతుండగా మెషీన్‌ను నిలువు నుంచి పడుకోబెడితే ఒక్క దెబ్బకే పడుతుంది.

టూత్‌పేస్ట్ చిట్కా మాత్రం మానేయండి. గీత పోదు, చుట్టూ మసక వస్తుంది. ఫోటోలో ఆ మసకే ముందు కనిపించి ధర తగ్గుతుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపి, మధ్య నుంచి అంచుకు నేరుగా తుడిస్తే చాలు. థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం తగిలితే ప్లాస్టిక్ తెల్లబడి పోతుంది.

మధ్య రంధ్రం అంచున చీలికలు వెతకండి. బాక్స్‌లోని బుడిపె నొక్కకుండా డిస్క్‌ను పట్టి లాగితే వెంట్రుకంత చీలిక వస్తుంది. మెషీన్‌లో వేగంగా తిరిగేటప్పుడు అది పాకుతుంది. ఎంత అరుదైన గేమైనా ఈ చీలిక ఉంటే ధర సగానికి పైగా కోసేయాలి.

మొదటి తెర వచ్చింది కదా అని డిస్క్ బాగుందనుకోకూడదు. మెషీన్ డేటాను లోపలి నుంచి బయటికి చదువుతుంది, వేళ్లూ గీతలూ తగిలేది బయటి అంచుకు. హారర్ గేముల్లో తలుపు తెరిచినప్పుడో, వీడియో మొదలైనప్పుడో తెర బిగుసుకుపోతుంది. అరగంట ఆడితే తెలియదు. కంప్యూటర్‌కు డీవీడీ డ్రైవ్ తగిలించి డిస్క్ మొత్తాన్ని ఐఎస్ఓ ఫైలుగా తీయండి. నిండు డీవీడీ అయితే 4ఎక్స్ వేగంతో 14 నిమిషాలు పడుతుంది. ఎక్కడైనా వేగం కుప్పకూలితే, లోపం చూపితే అక్కడ దెబ్బ ఉంది. చివరిదాకా వచ్చాక ఆ ఫైలు హ్యాష్, అంటే అందులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య, తీసి రీడంప్‌లో ఉన్నదాంతో పోల్చండి. కలిస్తే డేటా చెక్కుచెదరలేదని అర్థం. అసలు డిస్క్ అని మాత్రం కాదు, బాగా రాసిన నకలుకూ అదే హ్యాష్ వస్తుంది.

ఇక కాగితం. విజయవాడలో ప్రత్యేకంగా ఓ మాట చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ ఇళ్లలోంచి వచ్చిన డిస్క్‌లకు సాధారణంగా ఏమీ కాదు, మంచినీళ్లతో కడిగి ఆరబెడితే పనిచేస్తాయి. కవర్, మాన్యువల్ మాత్రం దాచినా దాగవు. అడుగు అంచున గోధుమరంగు గీత, పేజీలు అలల్లా లేవడం, మెరుపు కాగితమైతే పేజీలు ఒకదానికొకటి అతుక్కోవడం. అతుక్కున్న వాటిని లాగితే రంగు ఊడి వస్తుంది, అలాగే వదిలేసి ఉన్నదున్నట్టు చెప్పి అమ్మడం నయం. తేమ తగిలిన స్టేపిల్ పిన్నుల దగ్గర తుప్పు మరక కూడా చూడండి.

దాచడానికి పడమటి గోడకు ఆనించిన బీరువా వద్దు, మే నెల ఎండకు ఆ గోడ రాత్రిదాకా సెగలు కక్కుతుంది. పుస్తకాల్లా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పురుగులకని కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరికి ప్లేస్టేషన్ 1 కేసుల్లాంటి పాలీస్టైరీన్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

లెక్క వేద్దాం

అడిగే ధర చూడకండి, ఈబే అనే అమ్మకాల సైటులో 'అమ్ముడైనవి' అన్న గుర్తు పెట్టి అయిపోయిన బేరాలు చూడండి. ఉదాహరణకు ఒక గేమ్ ఆఖరి ఆరు బేరాలు మన డబ్బుల్లో 9,200, 8,600, 14,500, 8,900, 3,400, 9,000 అనుకుందాం. ఒక్కోటీ తెరిచి చదివితే 14,500ది సీలుతో ఉన్నది, 3,400ది బాక్స్ లేని ఒట్టి డిస్క్. రెండూ తీసేయండి. మిగతా నాలుగింటి నడిమి ధర 8,950. ఇది బాక్సూ మాన్యువలూ అన్నీ ఉన్న కాపీకి కలెక్టర్ ఇచ్చేది.

ఇందులో సైటు కమిషన్ 13 శాతం అనుకుంటే 1,160 పోతుంది. విదేశానికి ట్రాకింగ్ ఉన్న పార్సిల్ 1,500, డాలర్లను రూపాయలు చేసే ఖర్చు 270, ప్యాకింగ్ 100. చేతికి వచ్చేది 5,900 చిల్లర. అదీ పార్సిల్ దారిలో పోకుండా ఉంటే, కొన్నవాడు వెనక్కి పంపకుండా ఉంటే. కాబట్టి ఊళ్లోనే ఎవరైనా చేతిలో 5,000 పెడితే ఇచ్చేయడం మంచి బేరమే. కొట్టువాడు ఏడాదిపాటు అలమరలో ఉంచుకోవాలి కనుక అతను 2,500 అంటే అన్యాయం కాదు. మూడొందలంటే మాత్రం లేచి రావచ్చు.

మాన్యువల్ లేకపోతే, ఉన్నవాటితో పోల్చకుండా లేనివాటి బేరాలే విడిగా వెతకండి. పెట్టెతో వచ్చిన ముద్రణలైతే లోపలి సామానంతా లెక్క చూడాలి. సైలెంట్ హిల్ 2 మొదటి యూరప్ కాపీ అట్ట తొడుగుతో, తయారీ విశేషాలున్న రెండో డిస్క్‌తో వచ్చింది. అట్ట చిరిగి పారేసి, రెండో డిస్క్ పోగొట్టి, 'పూర్తి సెట్' అని అమ్మేవాళ్లుంటారు.

డిస్కే లేని విచిత్రం కూడా ఉంది. పీ.టీ. అనే చిన్న హారర్ గేమ్‌ను 2014 ఆగస్టులో ప్లేస్టేషన్ 4కు ఉచితంగా ఇచ్చి, 2015 ఏప్రిల్‌లో స్టోర్ నుంచి తీసేశారు. తర్వాత దించుకునే వీలు లేదు. అది ఉన్న మెషీన్‌లనే జనం ఎక్కువ ధరకు అమ్మారు. ఎవరైనా అలాంటిది చూపిస్తే మెనూలో బొమ్మ చూసి సరిపెట్టుకోకుండా తెరిచి నడిపి చూడండి, హార్డ్ డిస్క్ ఫార్మాట్ అయితే కొన్నదంతా గాల్లో కలిసినట్టే.

అమ్మేటప్పుడు ఫోటోలు పగటి వెలుతురులో తీయండి: కవర్ ముందూ వెనకా వీపూ, మాన్యువల్ నడిమి పేజీ, డిస్క్ రెండు వైపులూ, వలయం మీది సంఖ్య దగ్గరగా. గీతలు కనిపించేలా డిస్క్‌ను దీపం కింద వాల్చి ఇంకోటి. పార్సిల్ చేసేముందు డిస్క్‌ను బుడిపె మీద వదలకండి. దారిలో ఊడితే బాక్స్‌లోనే దొర్లి గీసుకుంటుంది. మెత్తటి కవర్‌లో వేసి, మాన్యువల్‌కూ బాక్స్ మూతకూ మధ్య పెట్టి మూసి, బబుల్ కవర్ రెండు చుట్లు చుట్టి, మూడు పొరల అట్టపెట్టెలో అన్ని వైపులా రెండంగుళాలు కాగితం కూరండి. పెట్టెను ఊపితే లోపల చప్పుడు రాకూడదు.